మూడు, నాలుగు నంబర్లు

జాబితా రాయడంలో లక్ష్మీకాంతాన్ని మించినవాడు వాషింగ్టన్ పక్కనున్న ఆష్‌బర్న్ మొత్తంలో లేడు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయన తనంతట తాను తేల్చుకున్నది. అల్లుడి ప్రింటర్‌లోంచి తీసిన తెల్లకాగితం మీద స్కేలు ఆనించి ఎర్ర పెన్నుతో మార్జిన్ గీసేవాడు. నీలం పెన్నుతో నంబర్లు వేసి, పేర్లు తెలుగులో గుండ్రంగా రాసి, ఒక్కో పేరుకెదురుగా వయసూ, ఫోన్ నంబరూ, షుగరో మోకాళ్ళ నొప్పులో ఉంటే ఆ ముక్కా చేర్చేవాడు. ఈసారి కాగితం మీద, "సీనియర్స్ ట్రిప్, 18 జూలై 2012, బుధవారం, ఉదయం 8-00 ఖచ్చితంగా" అని రాసి, 'ఖచ్చితంగా' కింద రెండు గీతలు గీశాడు.

ముప్పై ఆరేళ్ళు రైల్వేలో, అందులో ఇరవై రెండేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. పిల్లల దగ్గరికి ఆర్నెల్లకోసం వచ్చిన తల్లిదండ్రులంతా శనివారం పొద్దున లైబ్రరీలో కలుస్తారు. ఆ గుంపుని చూస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. పదింటికంటే పదకొండింటికి వస్తారు. వచ్చి, కోడలు డిష్‌వాషర్‌లో గిన్నెలెలా పెట్టనిస్తుందో, ఎలా పెట్టనివ్వదో చెప్పుకుంటారు. రిటైర్డ్ తహసీల్దారు, రిటైర్డ్ లెక్చరరు, రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. ఉద్యోగాల్లో ఉండగా ఏం వెలగబెట్టారో గాని, వీళ్ళలో ఒక్కడు కూడా పాసింజరు బండిని అటునుంచి ఇటు పంపించలేడు అనుకునేవాడు లక్ష్మీకాంతం.

ఈ గుంపుకి పెద్ద డాక్టర్ ఉమాకాంత్. డెబ్భై ఒకటిలో అమెరికా వచ్చి, గుండె డాక్టరుగా నాలుగు దశాబ్దాలు చేసి, ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. వేసవిలో రెండుసార్లు మినీ బస్సు మాట్లాడి ఈ పెద్దవాళ్ళకి వాషింగ్టన్ చూపిస్తాడు. ఈసారి హోలోకాస్ట్ మెమోరియల్ మ్యూజియం, హిట్లర్ చంపించిన యూదుల గుర్తుగా కట్టింది. "మనవాళ్ళు వైట్‌హౌస్ ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారండీ. ఎడ్యుకేట్ చెయ్యాలి," అన్నాడు. ఆయన మ్యూజియం వాళ్ళ దగ్గర పదిహేను పాసులు తీసుకున్నాడు. తనకొకటి పోగా పద్నాలుగు. జాబితా బాధ్యత లక్ష్మీకాంతానిది.

ఒకటి, రెండు నంబర్లు సహజంగానే తనవీ, భార్య రాధారాణివీ. మూడు, నాలుగు నంబర్లు అంజయ్య, సత్తెమ్మ. ట్రిప్ సంగతి చెప్పిన శనివారం పదికి ఐదు నిమిషాల ముందే వచ్చి కూర్చున్నది వాళ్ళిద్దరే. వాళ్ళ ఎదుటే ఆ పేర్లు రాశాడు. ముందొచ్చినవాళ్ళ పేరు ముందు. అది రూలు.

అంజయ్యని మొదటిసారి చూసినప్పుడు లక్ష్మీకాంతం, "మీరు ఇండియాలో ఏం చేసేవారండీ?" అని అడిగాడు.

"రైల్వేలనే సార్. డోర్నకల్ సెక్షన్ల గ్యాంగ్‌మన్," అన్నాడు అంజయ్య, తనవాడొకడు దొరికాడన్న సంతోషంతో.

"ఓహో. ఎన్నో నంబరు గ్యాంగులో చేశావ్?"

ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య మీరు కాస్తా నువ్వు అయిపోయింది. లక్ష్మీకాంతం అది గమనించనేలేదు. అంజయ్య పక్కన కూర్చున్న సత్తెమ్మ మాత్రం తలెత్తి ఒకసారి చూసింది. ఆవిడ ఎందుకు చూసిందో కూడా ఆయనకి తట్టలేదు. ఆయనకి తట్టిందల్లా ఒక్కటే. ఎండలో సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, స్టేషన్ గది గడప అవతలే నిలబడి సంతకం పెట్టే మనిషి కొడుకు ఇక్కడ డేటా సెంటర్లో మేనేజరు, మూల ప్లాటులో నాలుగు బెడ్‌రూముల ఇల్లు. తన అల్లుడిది రెండు గోడలూ పక్కవాళ్ళతో పంచుకునే టౌన్‌హౌస్.

సోమవారం సాయంత్రం డాక్టరుగారు ఫోన్ చేశాడు.

"లక్ష్మీకాంతం గారూ, ఒక స్మాల్ అడ్జస్ట్‌మెంట్ అండీ. మా ఫ్రెండ్ వాళ్ళ పేరెంట్స్ వచ్చారు. రాజగోపాల్ గారు, భానుమతి గారు. వెరీ కల్చర్డ్ పీపుల్. వాళ్ళని ఎక్కించాలి."

"పద్నాలుగూ నిండిపోయాయండీ."

"ఐ నో, ఐ నో. అందుకే మీకు చేశాను. ఇద్దరిని నెక్స్ట్ ట్రిప్‌కి మార్చండి. అక్కడంతా ఇంగ్లీషు బోర్డులే కదా. చదవలేనివాళ్ళకి బోర్ కొడుతుంది, పాపం. ఎవరన్నది మీ ఇష్టం. ఐ లీవ్ ఇట్ టు యూ."

ఎవరన్నది ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. లక్ష్మీకాంతం టేబులు దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో మూడో నంబరు మీద ఒక గీత, నాలుగో నంబరు మీద ఒక గీత గీశాడు. పైన సన్నటి అక్షరాలతో కొత్త పేర్లు రాశాడు. గీతలు తిన్నగా, అందంగా వచ్చాయి. అర నిమిషం కూడా పట్టలేదు.

కొట్టేసిన పేర్లకెదురుగా ఫోన్ నంబరు ఉంది. మొహమాటపడి ఫోన్ చెయ్యలేకపోయాడంటే అది అబద్ధం. చెయ్యాలని ఆయనకి గుర్తే రాలేదు. బండిలోంచి తెగ్గొట్టి పక్క పట్టాల మీద, సైడింగులో వదిలేసిన వ్యాగన్‌కి ఎవరు కబురు చేస్తారు?

*

బుధవారం ఎనిమిదికి పావుగంట ముందు లక్ష్మీకాంతం, రాధారాణి ఇండియన్ స్టోర్ పార్కింగులో దిగేసరికి అంజయ్య, సత్తెమ్మ అప్పటికే నిలబడి ఉన్నారు. కొడుకు ఆఫీసుకి పోతూ దింపి వెళ్ళిపోయాడు. అంజయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, కొత్త బూట్లు తొడుక్కున్నాడు. సత్తెమ్మ ఆకుపచ్చ అంచు నేతచీర కట్టి, రెండు చేతులా పెద్ద సంచీ పట్టుకుంది.

వాళ్ళని చూడగానే లక్ష్మీకాంతానికి సిగ్గు కలగలేదు. చిరాకు కలిగింది. పొద్దున్నే ఈ పంచాయితీ ఒకటా అనిపించింది.

మినీ బస్సు వచ్చింది. రాజగోపాల్, భానుమతి ఎనిమిదింటికి కాదు, ఎనిమిదీ ఇరవైకి వచ్చారు. లక్ష్మీకాంతం కాగితం తీసి, బస్సు మెట్ల పక్కన నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. పేరు పిలిస్తే ఒకరు ఎక్కాలి. ఒకటి, రెండు అయ్యాక, "రాజగోపాల్ గారు, భానుమతి గారు," అన్నాడు. మెట్టు మీద కాలు పెట్టబోయిన అంజయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. తరవాత తమ పేర్లు వస్తాయేమోనని పక్కకి జరిగి నిలబడ్డాడు. ఐదు, ఆరు, ఏడు. పద్నాలుగో పేరు అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"సార్, మాది?"

"సీట్లు చాలలేదయ్యా. పాసులు లెక్క ప్రకారం ఇచ్చారు. ఈసారికి ఇంతే."

"గట్లనా సార్," అన్నాడు అంజయ్య. సత్తెమ్మ దగ్గరికి వచ్చి కాగితంలోకి చూసింది. లక్ష్మీకాంతం కాగితం మడిచాడు గాని, కాస్త ఆలస్యంగా మడిచాడు.

ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చిన డాక్టరుగారు వాళ్ళని చూసి, "వీళ్ళూ..." అన్నాడు.

"పాసులు చాలలేదండీ."

"ఓ! సో సారీ అమ్మా. నెక్స్ట్ టైమ్ డెఫినెట్‌గా," అని నమస్కారం పెట్టి బస్సెక్కాడు.

డ్రైవరు తలుపు వేసేలోగా సత్తెమ్మ కిటికీ దగ్గరికొచ్చి, సంచీని రాధారాణి ఒళ్ళోకి అందించింది. "సర్వపిండి అమ్మా. పదిహేను మందికని చేసిన. తీస్కపోండ్రి. ఇంటికి మోసుకపోయి ఏం జేస్త?"

బస్సు మలుపు తిరుగుతుంటే రాధారాణి వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ పార్కింగులో ఇద్దరూ ఏ దిక్కుకి నడవాలో చూసుకుంటున్నారు.

*

దారి పొడుగునా డాక్టరుగారు మైకులో మాట్లాడాడు. ఎంతమంది చచ్చిపోయారు, ఏ సంవత్సరంలో ఏ చట్టం, యూదులు చొక్కా మీద పసుపుపచ్చ నక్షత్రం ఎందుకు కుట్టుకోవలసి వచ్చింది, అన్నీ ఇంగ్లీషులో చెప్పి, చివర "అర్థమైందా అండీ?" అని తెలుగులో అడిగేవాడు. వెనక సీట్లలో ఇద్దరు నిద్రపోయారు. ఒకావిడ దేశం నుంచి తెచ్చిన వాంతుల మాత్ర కోసం వెతుకుతోంది.

"ఏది ఏమైనా హిట్లర్‌లో డిసిప్లిన్ ఉందండీ," అన్నాడు రాజగోపాల్, ముందు సీటులోంచి మెడ తిప్పి. "మన దేశానికి ఓ పదేళ్ళు అలాంటివాడు కావాలి. అప్పుడు బాగుపడతాం."

ఎవరూ కాదనలేదు. లక్ష్మీకాంతం మనసులో, ఎనిమిదింటికి రమ్మంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు డిసిప్లిన్ గురించి చెప్పడం ఏమిటని నవ్వుకున్నాడు. ఆ మాటలో ఆయనకి తప్పు కనిపించింది అక్కడే.

మ్యూజియంలో లోపలికి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ చిన్న పుస్తకంలాంటి కార్డు ఇచ్చారు. ఆ రోజుల్లో బతికిన ఒక మనిషి పేరూ, ఫోటో, కథా అందులో ఉంటాయి. పేజీ తిప్పితే వాళ్ళేమయ్యారో తెలుస్తుంది. భానుమతి లిఫ్టులోనే చివరి పేజీ తిప్పేసింది.

"అయ్యో, నాకు చచ్చిపోయినావిడ వచ్చిందండీ డాక్టరుగారూ. మార్చుకోవచ్చా?"

లిఫ్టులో ఉన్న తెల్లవాళ్ళకి తెలుగు రాకపోవడం అదృష్టం అనుకున్నాడు లక్ష్మీకాంతం. ఈ మనుషుల మధ్య తానొక్కడే మనిషినన్న ధీమా ఆయనకి పొద్దుటినుంచీ పెరుగుతూనే ఉంది. ఫోటోల ముందు ఆగినవాడు ఆయనే. బోర్డులు చదివినవాడూ ఆయనే. మిగతావాళ్ళు బెంచీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తూ, ఇంటి దగ్గర పెరుగు తోడుకుందో లేదో మాట్లాడుకుంటూ నడిచారు. రాధారాణి ఎవరితోనూ కలవకుండా వెనకగా వచ్చింది. ఇంగ్లీషు రాదు గనక బోర్డుల జోలికి పోకుండా మొహాలే చూస్తూ వచ్చింది.

కింది అంతస్తులో పాత రైలు పెట్టె ఒకటి ఉంది. మనుషుల్ని చావుకి మోసుకుపోయిన రకం గూడ్సు పెట్టె. అందులోంచి నడిచి అవతలికి పోవచ్చు. దాన్ని చూడగానే లక్ష్మీకాంతం నడక మారింది. వంగి చక్రాలు చూశాడు. లెక్కపెట్టినట్టు పలకల్ని వేలితో చూపించాడు. పైనున్న చిన్న కిటికీ వంక చూసి తల పంకించాడు.

"మన రైల్వే ఎక్స్‌పర్ట్ ఉన్నారు కదా! చెప్పండి సార్," అన్నాడు డాక్టరుగారు.

ఆ రోజు మొదటిసారి అందరూ ఆయన చుట్టూ చేరారు. తహసీల్దారు కూడా నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఇది నాలుగు చక్రాల కవర్డ్ వ్యాగనండీ," అని మొదలుపెట్టాడు లక్ష్మీకాంతం. "సరుకు కోసం చేసింది. ఇలాంటివి ముప్పై నలభై కలిపితే ఒక బండి. బండి నడవాలంటే ఊరికే ఇంజను తగిలిస్తే నడవదు. ముందు ఎవరో ఇన్ని వ్యాగన్లు కావాలని కాగితం పెట్టాలి. కంట్రోల్ ఆఫీసులో ఒకడు టైము వెయ్యాలి. ఇంజనుకి నీళ్ళు ఎక్కడ పట్టాలో చూడాలి. ఆ తరవాత దారిలో ప్రతి స్టేషన్లోనూ స్టేషన్ మాస్టరు ఉంటాడు. వెనక స్టేషనువాడు లైన్ క్లియర్ అడుగుతాడు. తన లైను ఖాళీగా ఉంటే ఇతను ఇస్తాడు. రిజిస్టర్లో టైము రాసుకుంటాడు. బండి వస్తుంది. పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. బండి పోతుంది. ముందు స్టేషనుకి చెబుతాడు. ఇలా వంద స్టేషన్లు దాటితే గాని ఒక బండి చేరదు. ఒక్కడు లైన్ క్లియర్ ఇవ్వకపోయినా అక్కడే ఆగిపోవాలి."

చెబుతూ ఆయన చెయ్యి జెండా పట్టినట్టు పైకి లేచింది. గొంతు ఖంగుమంది. అలా తనని వినేవాళ్ళు దొరికి ఏడేళ్ళయింది.

పెట్టె పక్కన కుర్చీలో మ్యూజియం వాలంటీరు ఒకావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆయనేం చెబుతున్నాడని ఆవిడ డాక్టరుగార్ని అడిగింది. డాక్టరుగారు నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ లక్ష్మీకాంతం వైపు తిరిగి, మెల్లగా, విడివిడిగా అడిగింది. మీరు స్టేషన్ మాస్టరుగా పనిచేశారట కదా, ఆ దారిలోని స్టేషన్ మాస్టర్లకి లోపలెవరున్నారో తెలిసేది కాదా? ఎవరూ అడగలేదా?

ఇంగ్లీషులో జవాబు చెప్పే అవకాశం వదులుకోలేదు ఆయన.

"మేడమ్, స్టేషన్ మాస్టర్ నాట్ కన్‌సర్న్‌డ్ విత్ కంటెంట్స్. హి ఈజ్ కన్‌సర్న్‌డ్ విత్ లైన్ ఓన్లీ. లైన్ ఈజ్ క్లియర్ మీన్స్, హి విల్ గివ్."

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది.

"ఐ బిలీవ్ యూ," అంది.

లక్ష్మీకాంతం తల వంచి "థాంక్యూ మేడమ్" అన్నాడు. తహసీల్దారు ఆయన భుజం తట్టాడు. అందరూ వరసగా పెట్టెలోంచి నడిచి అవతలికి వెళ్ళారు. ఆయన కూడా వెళ్ళాడు. లోపల చీకటిగా ఉంది. అటు చివర వెలుతురులోకి వచ్చాక, ఆవిడ ఆ మాట మెప్పుగా అన్నదేనా అని మొదటిసారి అనుమానం తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఇంకెవరితోనో మాట్లాడుతోంది.

*

ఒంటిగంటన్నరకి పచ్చిక మీద చెట్టునీడన దుప్పట్లు పరిచారు. భానుమతి పులిహోర డబ్బా తెరిచింది. రాధారాణి సత్తెమ్మ సంచీలోంచి సర్వపిండి తీసి కాగితం ప్లేట్లలో పెట్టబోయింది.

"ఇదెవరు చేశారండీ?" అంది భానుమతి.

"పొద్దున మనతో రావలసినావిడ. సత్తెమ్మ గారు."

"వాళ్ళేమిట్లు? మనవాళ్ళేనా?"

రాధారాణి ప్లేటు ఆవిడ ముందు పెట్టింది. భానుమతి నవ్వి, "నాకు మడీ గిడీ లేవండీ, కడుపు సున్నితం అంతే," అని ప్లేటు పక్కకి నెట్టింది. డాక్టరుగారు, "ఆయిలీగా ఉందండీ, కొలెస్ట్రాల్," అన్నాడు. రాజగోపాల్ రెండుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు. ఒకరు మొదలుపెడితే చాలు, అందరికీ ఏదో ఒక జబ్బు గుర్తొచ్చింది. పదిహేను మందికి చేసిన సర్వపిండి చెత్తడబ్బా పక్కన గడ్డి మీద మిగిలింది. పొద్దుటినుంచీ పసుపుపచ్చ నక్షత్రాల ఫోటోల ముందు 'అయ్యయ్యో, ఎంత ఘోరం' అని నాలుక చప్పరించిన నోళ్ళే అవన్నీ.

రాధారాణి మొగుడి పక్కకి వచ్చి కూర్చుంది. ఒక సర్వపిండి ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. పల్లీలు కరకరలాడాయి. ఇంకో ముక్క తుంచింది. తినడం పూర్తయ్యాక అడిగింది.

"ఆ పేర్లు కొట్టేసింది మీరేగా?"

"డాక్టరుగారు ఫోన్ చేశారు. ఇంగ్లీషు రానివాళ్ళకి ఇక్కడ..."

"నాకూ రాదుగా ఇంగ్లీషు. నా పేరు కొట్టెయ్యలేదేం?"

ఆయన పులిహోర కలుపుతున్నట్టు చేత్తో మెతుకుల్ని అటూ ఇటూ జరిపాడు.

"కబురైనా చెయ్యలేదు. పెందలాడే లేచి వండుకుని, ముస్తాబై వచ్చారు మనుషులు. మెట్టు మీద కాలు పెట్టాక పేర్లు చదివారు మీరు. అదెలా చదివారో మీరు చూసుకోలేదు. నేను చూశాను."

"నేను కాకపోతే ఇంకొకడు రాసేవాడు."

"ఇంకొకడి కాపరం నేను చెయ్యడంలేదు," అని రాధారాణి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. మిగిలిన సర్వపిండిని సంచీలో సర్దుకుని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

*

గురువారమంతా ఆవిడ ఆయనకి వేళకి కాఫీ ఇచ్చింది, అన్నం పెట్టింది. మాట మాత్రం లేదు. సాయంత్రానికి లక్ష్మీకాంతం ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నాడు. వంటింట్లో ఉన్న ఆవిడకి వినబడేలా డాక్టరుగారికి ఫోన్ చేశాడు.

"డాక్టరుగారూ, ఇకమీదట నేను లిస్టులు రాయనండీ. నా మనస్సాక్షి ఒప్పుకోవడంలేదు."

కారణం అడుగుతాడనీ, అప్పుడు చెప్పాల్సిన నాలుగు మాటలూ ముందే కూర్చుకున్నాడు.

"ఓ, నో ప్రాబ్లం," అన్నాడు డాక్టరుగారు. "రాజగోపాల్ గారు నిన్ననే అడిగారు, నేనేమైనా హెల్ప్ చెయ్యనా అని. ఆయనకి ఎక్సెల్ కూడా వచ్చు. థాంక్యూ లక్ష్మీకాంతం గారూ, గ్రేట్ జాబ్ చేశారు. ఓకే, బై."

ఫోన్ పెట్టేశాక చెవి దగ్గర ఇంకా ఏదో మోగుతున్నట్టే ఉంది. ముప్పై ఆరేళ్ళ అనుభవాన్ని అర నిమిషంలో కొట్టిపారేశాడు. కారణం కూడా అడగలేదు.

రాధారాణి గుమ్మంలోకి వచ్చి చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. రెండు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది.

"చెప్పాల్సింది ఆయనకా?"

*

శుక్రవారం నాలుగింటికి ఆయన అంజయ్య ఇంటికి బయల్దేరాడు. అల్లుణ్ణి కారు అడిగితే ఎందుకని అడుగుతాడు. నడిచాడు. ఇండియన్ స్టోరు దాకా కాలిబాట ఉంది. ఆ తరవాత లేదు. పెద్ద రోడ్డు, పక్కన ఏటవాలు గడ్డి. కార్లు చెవి పక్కనుంచి ఈడ్చి కొట్టినట్టు పోతున్నాయి. రెండున్నర మైళ్ళని ముందు రాత్రే అల్లుడి ఫోనులో చూసుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మొన్న పొద్దున ఆ పార్కింగులోంచి వాళ్ళిద్దరూ ఈ దారినే పోయి ఉండాలన్నది సగం దూరం వచ్చాక గాని ఆయనకి తోచలేదు. గడ్డిలో నిలబడి చెమట తుడుచుకున్నాడు. పోనీ వెనక్కి పోదామా అనుకున్నాడు. వెనక్కీ అంతే దూరం ఉంది.

మూల ప్లాటు ఇల్లు. బెల్లు కొడితే ఎవరూ పలకలేదు. పక్కనుంచి వెనక పెరట్లోకి వెళ్ళాడు. కంచె వారగా నడుమెత్తు గోంగూర మళ్ళు. సత్తెమ్మ చిన్న పీట మీద కూర్చుని ఆకు తుంచి గిన్నెలో వేస్తోంది. అంజయ్య గొట్టంతో నీళ్ళు పెడుతున్నాడు. వట్టి కాళ్ళతో ఉన్నాడు. రెండు మడమలకీ మందుపట్టీలు ఉన్నాయి.

"సారొచ్చిండే!" అంటూ అంజయ్య గొట్టం వదిలేసి గబగబా కుర్చీ తెచ్చి గుడ్డతో తుడిచాడు. "కూసోండ్రి సార్. గింత ఎండల నడిసొచ్చిండ్రా?"

సత్తెమ్మ లేవలేదు. "రాండ్రి," అంది.

లక్ష్మీకాంతం కూర్చున్నాడు. గోంగూర బాగా వచ్చిందన్నాడు. పులుపు ఎలా ఉంటుందని అడిగాడు. అంజయ్య జవాబులు చెప్పాడు. మాటలు అయిపోయాక లక్ష్మీకాంతమే అడిగాడు.

"మొన్న ఇంటికి ఎలా వెళ్ళారు?"

"నడిసినం," అంది సత్తెమ్మ. ఆకు తుంచడం ఆపలేదు. "కొడుకుకు ఫోన్ జేస్తె మీటింగుల ఉన్నడు. సగం దూరం వచ్చినంక కొత్త బూట్లకు ఈనె మడిమలు పగిలినయి, గడ్డిల కూలబడ్డడు. పోలీసు బండి వచ్చి ఆగింది. ఆయన ఏందో అడిగిండు. మాకు తెల్వదాయె. నా పానం పోయిందనుకున్న. ఇంటి నంబరు కాయితం జూపిస్తె బండిల ఎక్కించుకొని ఇంటికాడ దింపిండు. మంచోడే. మా పేర్లు అడిగి రాసుకున్నడు."

"పిల్లగాడు పరేశానయ్యిండు సార్," అన్నాడు అంజయ్య. "ఇంటి ముందల పోలీసు బండి, ఆ ఇంటోళ్ళు ఈ ఇంటోళ్ళు జూసిరి. ఇగ ఒక్కలే ఎటూ పోవద్దన్నడు. శనివారం లైబ్రరీ గూడ బంద్."

చెప్పాల్సిన మాటలు లక్ష్మీకాంతం దారంతా కూర్చుకుంటూ వచ్చాడు. తప్పయిపోయింది, నేనే చేశాను, క్షమించండి. మూడు ముక్కలు. అవి గొంతులో సిద్ధంగానే ఉన్నాయి.

సత్తెమ్మ తలెత్తింది. "నాకు తెలుగు అచ్చరాలు ఒస్తయి సారు. శనివారంనాడు మాది మూడు, నాలుగు నంబరు. బస్సుకాడ జూస్తె ఎర్ర గీత ఉన్నది. ఎవలు కొట్టిండ్రు?"

"పైనుంచి వచ్చిందమ్మా," అన్నాడు లక్ష్మీకాంతం. అలా అనాలని అనుకోలేదు. ముప్పై ఆరేళ్ళుగా అరిగిన దారిలో నాలుక దానంతటదే జారిపోయింది. "డాక్టరుగారు చెప్పారు."

"మా పేర్లు చెప్పిండా?"

"ఆఁ."

"డాక్టరు సారు ఇన్ని శనివారాలల్ల మమ్మల్ని ఒక్కనాడు పేరడగలె. ఎట్ల చెప్పిండు?"

గొట్టంలోంచి నీళ్ళు మడి దాటి లక్ష్మీకాంతం చెప్పుల కిందికి వచ్చాయి. ఆయన కాళ్ళు జరుపుకోలేదు. తాను నిలువునా పట్టుబడిపోయానని తెలుస్తోంది. అంతకంటే, ఈ చదువురాని మనిషనుకున్నావిడకి ఆ సంగతి బుధవారం పొద్దుటినుంచీ తెలుసని కూడా తెలుస్తోంది.

"నేనే కొట్టేశాను," అన్నాడు. "ఆయన ఇద్దర్ని తియ్యమన్నాడు గాని ఎవరన్నది చెప్పలేదు. మిమ్మల్ని తీసింది నేను. ఫోన్ కూడా చెయ్యలేదు, అంజయ్య గారూ." అంజయ్యని 'గారు' అనడం అదే మొదటిసారి.

అంజయ్య చేతులు రెండూ లుంగీకి తుడుచుకున్నాడు. వాళ్ళ మొహాలు చూడలేక లక్ష్మీకాంతం అతని మడమలకున్న పట్టీల్నే చూస్తున్నాడు. చివరికి అంజయ్యే ఇబ్బందిగా నవ్వాడు.

"పోనియ్యిండ్రి సార్. అయిందేదో అయింది. సీట్లు లేకుంటె ఎవరో ఒకలు దిగాల్నాయె. అంత పెద్దమనిషి ఎండల నడిసొచ్చి చెప్పిండ్రు, గది చాలు."

లక్ష్మీకాంతానికి ప్రాణం లేచి వచ్చింది. కుర్చీలోంచి సగం లేచి అంజయ్య చెయ్యి పట్టుకోబోయాడు. ఇంటికి వెళ్ళి రాధారాణికి ఏమని చెప్పాలో కూడా ఆ క్షణంలోనే తోచేసింది.

"ఆగు," అంది సత్తెమ్మ, మొగుడితో. గిన్నె పక్కన పెట్టింది. "ఆయన కొట్టింది నీ ఒక్కని పేరు గాదు. మూడు నువ్వు, నాలుగు నేను. నీది నువ్వు మాఫ్ జేసుకో, నీ ఇష్టం."

అప్పుడు లక్ష్మీకాంతం వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"నేను జెయ్య."

ఇంకో కొమ్మ వంచి ఆకు తుంచడం మొదలుపెట్టింది. లక్ష్మీకాంతం సగం లేచినవాడు సగంలోనే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు.